కొత్త ఇన్సూరెన్స్ వచ్చాక చూపిద్దాం

మా ఆయన ఉమాకాంత్‌గారికి ఈ లోకంలో బాగా అర్థమైనది ఒక్కటే, కాంట్రాక్టు. పాతికేళ్లకు పైగా అమెరికాలో ఐటీ కాంట్రాక్టర్. మినియాపోలిస్‌లో మొదలుపెట్టి ఈ బెంటన్‌విల్ దాకా ఎన్ని కంపెనీలు మారారో ఆయనకే గుర్తులేదు. మొదట్లో ఇక్కడికి తీసుకొచ్చిన కన్సల్టెన్సీవాడు మధ్యలో మానేస్తే డబ్బు కట్టాలని బాండ్ చూపించి బెదిరిస్తే, ఆ డబ్బు వాడి మొహాన కొట్టి బయటపడ్డానని ఎవరింటికి భోజనానికి వెళ్లినా చెబుతారు. పప్పు వడ్డించేలోపే ఆ కథ మొదలవుతుంది. వినీ వినీ నాకు చెవులు చిల్లులు పడ్డాయి.

అలాంటి మనిషి కొడుకు ఐస్ హాకీ ఆటగాడయ్యాడు. మినియాపోలిస్‌లో మా అపార్ట్‌మెంట్ పక్కనే ఐస్ మీద ఆడుకునే రింక్ ఉండేది. చలికాలమంతా పిల్లాణ్ణి ఇంట్లో కట్టిపడేయలేక శ్రేయాస్‌ని అక్కడికి తీసుకెళ్లాను. అంతే, వాడు మళ్ళీ ఆ ఐస్ దిగితే ఒట్టు. డిఫెన్స్ ఆడతాడు. అంటే అవతలి టీమ్ వాళ్లు దూసుకొస్తుంటే ఒళ్లు అడ్డంపెట్టి ఆపడం. ఇదేం ఉద్యోగంరా భగవంతుడా అని ఎన్నిసార్లు అనుకున్నానో! మా ఇంటికి మూడు గంటల దూరంలో మ్యూల్స్ అనే చిన్న టీమ్‌లో ఆడేవాడు. మ్యూల్ అంటే కంచరగాడిద. "ఇంత చదివించి చివరికి గాడిదల్లో కలిపావా వదినా" అని మా ఆడపడుచు ఫోన్‌లో నవ్వితే నేను ఫోన్ పెట్టేశాను.

జనవరిలో వాడికి పిలుపొచ్చింది. విస్కాన్సిన్‌లో, మ్యూల్స్ ఆడే లీగ్ కంటే పై మెట్టులో ఉన్న ఇంకో లీగ్ నుంచి. అక్కడి టీమ్‌లో ఒక డిఫెన్స్ కుర్రాడికి కాలు విరిగిందట, వెంటనే మనిషి కావాలి. శ్రేయాస్‌కి ఇరవై ఏడేళ్లు. ఆ ఆటలో ఆ వయసువాడికి అలాంటి పిలుపు మళ్ళీ రాదు. కానీ సీజన్ సగంలో ఉంది, మ్యూల్స్‌తో కాంట్రాక్టు ఏప్రిల్ దాకా ఉంది. మధ్యలో పోవాలంటే ఆటగాడే టీమ్‌కి డబ్బు కట్టి విడిపించుకోవాలి. ఆ ముక్క వినగానే మా ఆయన మొహం వెలిగిపోయింది.

"ఇది అచ్చం మన బాండేరా! కట్టేసి దూకెయ్. ఐ విల్ పే."

రిటైర్మెంట్‌కి దాచుకున్న దాంట్లోంచి తీసి కట్టడానికి సిద్ధపడ్డారు. ఆ విషయంలో నేను ఒక్క మాట అనలేదు. నా బాధ డబ్బు గురించి కాదు, వాడి తల గురించి.

డిసెంబర్‌లో ఒక ఆటలో ఎవడో వెనకనుంచి గుద్దితే వాడి తల వెళ్లి రింక్ చుట్టూ ఉండే గోడకి కొట్టుకుంది. లేచాడు, ఆట పూర్తిచేశాడు. క్రిస్మస్‌కి ఇంటికొచ్చినప్పుడు చూశాను. వంటింట్లో నల్లకళ్లద్దాలు పెట్టుకుని ఉప్మా తింటున్నాడు. మిక్సీ వేస్తే చెవులు మూసుకుంటున్నాడు. రోజంతా కర్టెన్లు వేసుకుని చీకట్లో పడక. రెండుసార్లు వాంతి చేసుకున్నాడు. ఒకరోజు కాఫీ కలుపుకుంటానని స్టవ్ మీద పాలు పెట్టాడు. అవి పొంగి, మాడి, ఇల్లంతా పొగ కమ్ముకున్నా వాడు ఆ గిన్నెనే చూస్తూ నిలబడ్డాడు. టీమ్‌వాళ్లకి చెప్పావా అని అడిగితే, "చెప్తే కూర్చోబెడతారు అమ్మా. ఐయామ్ ఫైన్" అన్నాడు. సెలవులవగానే వెళ్లి మళ్ళీ ఆడాడు కూడా.

పిలుపొచ్చిన రోజే ఇదంతా మా ఆయనకి మళ్ళీ ఏకరువు పెట్టాను. ఆయన ఏమన్నారో వినండి.

"ఇప్పుడు డాక్టర్‌కి చూపిస్తే రికార్డ్‌లో పడుతుంది, ఆఫర్ పోతుంది. ఆ టీమ్ ఇన్సూరెన్స్ బ్రహ్మాండంగా ఉందట. జాయిన్ అవనీ, కొత్త ఇన్సూరెన్స్ వచ్చాక చూపిద్దాం."

ఇది మా కాంట్రాక్టర్ల ఇళ్లన్నిట్లో ఉన్న జబ్బే. ఉద్యోగం మారబోతున్నారంటే పుచ్చిన పన్ను కూడా పీకించుకోరు. మా ఆయనైతే ఒకసారి కిడ్నీలో రాయిని నెలన్నర మోశారు, కొత్త కంపెనీ ఇన్సూరెన్స్ మొదలయ్యేదాకా. "రాయి కాబట్టి ఆగింది, తల ఆగుతుందా?" అన్నాను. "నీకు సిస్టమ్ తెలియదు విజయా" అన్నారు. తాను పట్టిన కుందేలుకి మూడే కాళ్లు, ఎప్పుడూ అంతే.

మ్యూల్స్ మేనేజర్ పేరు డేల్. అతని ఆఫీసుకి పెళ్లిచూపులకి వెళ్లినట్టు ముగ్గురం వెళ్లాం. డేల్ చెక్కు తీసుకుని, కాగితాల మీద సంతకం పెట్టించే ముందు శ్రేయాస్‌ని అడిగాడు.

"వెళ్లేముందు ఒక మాట. దెబ్బలేమైనా ఉన్నాయా? మా దగ్గర తగిలినవైతే వైద్యం మేమే చేయిస్తాం, తగ్గేదాకా జీతం ఇస్తాం. సంతకం పెట్టాక మాత్రం నువ్వు మా మనిషివి కాదు, మేమేం చేయలేం."

ఇంతకంటే విడమర్చి ఎవరు చెబుతారు? పుణ్యాత్ముడు, వైద్యం చేయిస్తానని ఎదురుగా కూర్చుని అంటున్నాడు. శ్రేయాస్ నోరు తెరిచేలోపే మా ఆయన అందుకున్నారు.

"నో నో, హి ఈజ్ పర్ఫెక్ట్‌లీ ఫైన్."

"ఏవండీ, తల సంగతి చెప్పండి" అన్నాను తెలుగులో.

"నువ్వు ఊరుకో. నోటికాడి కూడు పడగొట్టకు." డేల్‌కి అనుమానం రాకుండా నవ్వుతూ అన్నారు.

"కూడు సంగతి తర్వాత. వాడి బుర్ర పోతుంది."

"అమ్మా, ప్లీజ్" అన్నాడు శ్రేయాస్. "నాకు ఇది కావాలి. ఇంకేం వద్దు నాకు."

డేల్ మా ముగ్గురి మొహాలూ మార్చి మార్చి చూశాడు. "ఎవ్రీథింగ్ ఓకే?"

"షి ఈజ్ ఆస్కింగ్ అబౌట్ పార్కింగ్" అన్నారు మా ఆయన.

ఇక్కడ పార్కింగ్‌కి ఫైన్ వేయరు, కంగారుపడకండి అని డేల్ పాపం నాకు ధైర్యం చెప్పాడు. శ్రేయాస్ సంతకం పెట్టేశాడు. అప్పుడు వాడి మొహంలో కనిపించిన సంతోషం నేను వాడి చిన్నప్పటి తర్వాత చూడలేదు. ఒళ్లు మండిపోతున్నా పళ్లబిగువున ఊరుకున్నాను.

కర్రలు, కిట్ బ్యాగులు కార్‌లో వేసుకుని అయోవా మీదుగా విస్కాన్సిన్ డ్రైవ్ చేశాం. దారి పొడుగునా మా ఆయన ఒకటే హుషారు. ఇంకా అక్కడ మెడికల్ పరీక్ష ఉందిగా, ఇల్లలకగానే పండగ కాదు అని నేనంటే, "మెడికల్ అంటే ఫార్మాలిటీ. మన బ్యాక్‌గ్రౌండ్ చెక్ లాంటిది" అని కొట్టిపారేశారు. శ్రేయాస్ వెనక సీట్లో టోపీ కళ్లమీదికి లాక్కుని కూర్చున్నాడు. ఎండ మంచు మీద పడి మెరుస్తుంటే చూడలేకపోతున్నాడని నాకు తెలుసు.

కొత్త టీమ్ డాక్టర్ ఒకావిడ, నా వయసే ఉంటుంది. గుండె బాగుంది, మోకాళ్లు బాగున్నాయి. తర్వాత కంప్యూటర్ ముందు కూర్చోబెట్టింది. హాకీలో సీజన్ మొదట్లో ప్రతి ఆటగాడికీ ఈ పరీక్ష పెడతారు. కొన్ని మాటలు, బొమ్మలు చూపించి దాచేసి, ఎన్ని గుర్తున్నాయి, ఎంత త్వరగా చెప్పాడు అని కొలుస్తారు. తలకి దెబ్బ తగిలిందనుకుంటే మళ్ళీ అదే పెట్టి తేడా చూస్తారు. లోకజ్ఞానం ఉన్న కుర్రాళ్లు ఆ మొదటిసారి పరీక్ష కావాలనే పాడుచేసుకుంటారట, రేపు దెబ్బ తగిలినా తేడా బయటపడకుండా. మా ఇంట్లో పరీక్ష పాడుచేసుకోవడమే! సెప్టెంబర్‌లో మా ఆయన రోజూ సాయంత్రం వీడియో కాల్ పెట్టి మరీ వాడికి కోచింగ్ ఇచ్చారు. ఇరవై ఏడేళ్ల కొడుక్కి! టీమ్‌లో వాడే ఫస్ట్. ఆ స్కోర్ మా వాట్సాప్ గ్రూపులన్నిట్లో తిరిగింది.

ఇప్పుడు డాక్టర్ శ్రేయాస్‌ని అడిగి మమ్మల్ని కూడా లోపలికి పిలిచింది. మ్యూల్స్ నుంచి తెప్పించుకున్న ఆ స్కోరూ ఈ స్కోరూ పక్కపక్కన చూపించింది. బాగా పడిపోయింది. మా ఆయన లాంగ్ డ్రైవ్ అని, నిద్ర లేదని, ఏవో చెప్పారు.

"అయ్యుండొచ్చు" అంది డాక్టర్. "నిజానికి ఈ కొత్త స్కోర్ కూడా ఇంకో ఆటగాడికైతే మామూలే. రేపు పొద్దున మళ్ళీ పెడతాను. కాస్త మెరుగైతే ఆడమని సంతకం పెట్టేస్తాను." తర్వాత నా వైపు తిరిగింది. "మీరు తల్లి. ఇంట్లో అతనిలో తేడా ఏమైనా చూశారా?"

"విజయా" అన్నారు మా ఆయన మెల్లగా, తెలుగులో. "ఆలోచించి మాట్లాడు. మ్యూల్స్‌వాళ్లు మళ్ళీ తీసుకోరు. వెనక్కి దారి లేదు."

శ్రేయాస్ నా మొహంలోకి చూస్తూ, కనపడీ కనపడకుండా తల అడ్డంగా ఊపాడు. నవమాసాలు మోసి కన్న బిడ్డ, జీవితంలో నన్నడిగింది ఇదొక్కటే. అయినా చెప్పేశాను. గోడకి కొట్టుకోవడం, చీకటి గది, వాంతులు, మాడిపోయిన పాలు, అన్నీ నాకొచ్చిన ఇంగ్లిష్‌లో చెప్పేశాను.

డాక్టర్ శ్రేయాస్ పక్కకి కుర్చీ లాక్కుని కూర్చుంది. "ఈ సీజన్‌కి ఇక ఆట లేదు. ఆ తర్వాత కూడా నేను మాటివ్వలేను. ఇంకొక్క దెబ్బ తగిలితే నడక, మాట ఏది పోతుందో చెప్పలేం" అంది. టీమ్ తరఫు మనిషి వచ్చి మర్యాదగా చెయ్యి కలిపి, ఆఫర్ వెనక్కి తీసుకుంటున్నామన్నాడు. మేం ఇంకా అక్కడుండగానే వాళ్లు ఇంకో కుర్రాడికి ఫోన్ చేశారు.

మా ఆయన వరండాలోకి వెళ్లి డేల్‌కి ఫోన్ చేశారు. దెబ్బ మీ దగ్గరే తగిలింది, వైద్యం చేయించండి అని బతిమాలారు. ఆయన అలా బతిమాలడం నేనెప్పుడూ వినలేదు. "ఐ ఆస్క్డ్ యూ, సర్" అన్నాడట డేల్, అంతే. పాత టీమ్ లేదు, కొత్త టీమ్ లేదు. రెంటికీ చెడ్డ రేవడి అంటారే, అలా అయింది నా కొడుకు బతుకు.

పార్కింగ్‌లో శ్రేయాస్ నామీద విరుచుకుపడ్డాడు.

"ఎందుకు చెప్పావ్? రేపు నేను పాస్ అయ్యేవాణ్ణి! ఇట్ వాజ్ మైన్, అమ్మా. నువ్వు తీసేశావ్!"

"అవును, నేనే తీసేశాను. తిట్టు, ఎంత తిడతావో తిట్టు. నన్ను తిట్టడానికి నువ్వుండాలి."

"ఇంక నీతో మాట్లాడను" అని కార్ తలుపు విసిరికొట్టి వెనక సీట్లో పడుకున్నాడు. ఏడ్చి ఏడ్చి నిద్రపోయాడు.

వచ్చిన దారినే తిరిగి బయల్దేరాం. మా ఆయన్ని దులిపేయాలని బోలెడన్ని మాటలు నాలుక మీద పెట్టుకుని కూర్చున్నాను. మీ బాండూ, మీ సిస్టమూ, మీ ఇన్సూరెన్సూ తగలబడ! కానీ ఆయన స్టీరింగ్ పట్టుకున్న తీరు చూస్తే నోరు రాలేదు. అయోవాలో అడుగుపెట్టాక రెండు వైపులా మంచు కప్పిన పొలాలే. మధ్యాహ్నం రెండవుతుండగా వెనక కదలిక వినిపించింది.

"నాన్నా, ఎక్కడున్నాం?"

"అయోవారా."

"ఇంకా అయోవాయేనా?" శ్రేయాస్ లేచి కూర్చుని కళ్లు నులుముకున్నాడు. మొహం ప్రశాంతంగా ఉంది. కోపం జాడే లేదు. "మెడికల్ ఎన్నింటికి?"

నేను వెనక్కి తిరిగాను. వాడు నన్ను చూసి నవ్వి, ముందుకి వంగి నా భుజం మీద చెయ్యి వేశాడు.

"అమ్మా, డాక్టర్ అడిగితే నువ్వేం చెప్పకు. ఓకే? ప్లీజ్."

"చెప్పనులే నాన్నా" అన్నాను. "కాసేపు పడుకో."

వాడు సరేనని మళ్ళీ వాలిపోయాడు. మా ఆయన కార్ రోడ్డు పక్కకి ఆపి, కోటైనా వేసుకోకుండా దిగి, ఆ చలిలో మాకు వీపు పెట్టి నిలబడ్డారు.