అంజనప్ప మీదికి రాని సామి

పాపారపట్టిలో అయిదెకరాల పసుపు పండించిన అంజనప్ప గడప దాటి పదకొండు నెలలైంది. జబ్బు పేరు పార్కిన్సన్. కుడిచెయ్యి తనంతట తాను ఊగుతుంది. కాళ్ల సంగతి చెప్పనక్కర్లేదు, నడుస్తూ నడుస్తూ ఉన్నచోటే అతుక్కుపోతాయి. అదైనా ఓర్చుకున్నాడు గానీ, ఒక పెళ్లిలో చేతిలో గ్లాసు ఒలికితే ఎవడో అతన్ని తాగుబోతన్నాడు. జన్మలో చుక్క ముట్టని మనిషాయె. ఆరోజు మంచమెక్కినవాడు మళ్లీ వీధి మొహం చూడలేదు.

వారానికోసారి వచ్చే ఫిజియో పిల్ల కవిప్రియ ఉన్నమాట చెప్పేసింది. రోజూ టీ అంగడిదాకా నడవకపోతే ఇంకో ఏడాదికి ఆ మంచమే గతి అంది. కాళ్లు మాట వినకపోయినా తాళం వింటాయట. ఫోన్‌లో టక్కుటక్కుమనే చప్పుడొకటి పెట్టిచ్చింది. లారీల రొదలో ఆ చప్పుడు ఎవడికి వినబడి చచ్చింది? అంజనప్ప భార్య నంజమ్మ అంత సులువుగా వదిలే రకం కాదు. అన్నం తినే స్టీలు తట్ట, గరిటె తాళానికని పట్టుకుని, మొగుణ్ణి రెక్క పట్టి వీధిలోకి లాగింది.

ఖర్మకాలి అది అమ్మవారికి మొక్కులు తీర్చే ఆడి నెల శుక్రవారం. తెల్లపంచెలన్నీ తడిసి ఉన్నాయని పసుపుపంచె కట్టబెట్టింది. చెప్పులు జారతాయని ఉత్తకాళ్లతో నడిపించింది. పసుపుపంచె, ఉత్తకాళ్లు, ఒళ్లంతా వణుకు, ముందు తట్ట మోత. ఇంకేం కావాలి? నాలుగో ఇంటి మారియాయి చూసింది, బిందెడు పసుపునీళ్లు తెచ్చి అంజనప్ప కాళ్లమీద కుమ్మరించి చెంపలేసుకుంది. వీధి వీధంతా సామి వచ్చిందని చేతులెత్తింది. అమ్మవారి ముందు పంబ డోలు వాయించే మాదయ్యకు ఆ గరిటె మోత అసలు నచ్చలేదు. సామి ఎదురుగా తట్ట కొడతారా అని నంజమ్మను కసిరి, పంబ తెచ్చి తగులుకున్నాడు.

అప్పుడు అంజనప్ప నడిచినాడయ్యా! పంబ దెబ్బకొక అడుగు చొప్పున, ఎక్కడా అతుక్కోకుండా, టీ అంగడి దాటి బస్టాండు దాకా పోయాడు. తాగుబోతన్నవాడే ఎదురొచ్చి విబూది పెట్టమని తల వంచాడు. అంజనప్పకు సిగ్గూ వేసింది, ఒళ్లు పులకరించింది కూడా. నిజం చెబుదామని నోరు తెరిచాడు, మళ్లీ మూసుకున్నాడు. పదకొండు నెలల తర్వాత దొరికిన నడక, ఎవడు వదులుకుంటాడు?

మూడు శుక్రవారాలు ఇదే తంతు. జనం పెరిగారు, దండలు పెరిగాయి. వణుకు తగ్గితే సామికి కోపమొస్తుందని, శుక్రవారం పొద్దున మాత్ర వెయ్యొద్దని నంజమ్మకు పెద్దలు బుద్ధి చెప్పారు. ఆమె వాళ్లకు తలూపి, ఇంట్లోకొచ్చి మాత్ర మింగించింది.

నాలుగో శుక్రవారం వీధి మధ్యలో మారియాయి కాళ్లమీద పడింది. నీళ్లు పొయ్యడానికి కాదు, వాక్కు అడగడానికి.

"సామీ, మా ఇంటాయనకూ రెండేండ్లుగా చేతులు వణుకుతాండాయి. కాలు పెకలదు. గాలి సోకిందని కొట్టంలో కూసోబెట్టినాము. ఆ గాలి ఎప్పుడు పోతాది?"

అంజనప్ప మారియాయి ఇంటివైపు చూశాడు. రెండేళ్లు కొట్టంలో! తన నడక ఈ జనం చేతిలో ఉంది, ఆ మనిషి బతుకు తన నోట్లో ఉంది. ఏదో ఒక వాక్కు చెప్పి సాగిపోవచ్చు, పంబ ఆగదు. కానీ నోరు రాలేదు.

"సామి లేదు, గాలి లేదు తల్లీ. నాకు జబ్బు. మీ ఆయనకూ ఇదే అయ్యుంటాది. ఆస్పత్రికి పిలుచుకోని పో. చూపించి మాత్ర ఇప్పించు, దినామూ నడిపించు."

పంబ టక్కున ఆగింది. దాంతో అంజనప్ప కాళ్లూ ఆగాయి. సరిగ్గా వీధి నడిమధ్యన! వెనక పెన్నాగరం బస్సు హారన్ మోగిస్తోంది. దండ వేసినవాడే దండ తీసుకుపోయాడు. నంజమ్మ తట్ట కోసం ఇంటికి పరుగెత్తింది. డ్రైవర్ తల బయటపెట్టి, సామి అయితే సామి, మనిషయితే మనిషి, ఎవరో ఒకరు పక్కకు జరగండని మొరపెట్టుకున్నాడు. అంజనప్ప ఎంత పెనుగులాడినా బొటనవేలు కూడా కదల్లేదు.

మాదయ్య తల దించుకుని పంబను భుజానికి సర్దుకున్నాడు. "ఏమనుకోవద్దన్నా. ఇది సామికి కొట్టే పంబ. మనిషికి కొట్టేది ఎక్కడా లేదు."

మారియాయి లేచింది. మోకాళ్లకంటిన మట్టి దులుపుకోకుండానే వచ్చి అతని ముందు నిలబడింది.

"సామికి నువ్వు కొట్టకపోయినా నడుస్తాది మాదయ్యా. మనిషికే కొట్టాల. ఈయన్ని ఇల్లు చేర్చు, ఆపైన మా కొట్టం కాడికి రా."

మాదయ్య ఆమెను చూశాడు, బస్సును చూశాడు, పంబను మళ్లీ ముందుకు తిప్పుకున్నాడు. మొదటి దెబ్బకు అంజనప్ప కుడిమడమ లేచింది.