రాయికి పెట్టిన పేరు

వేధశాలలో ఫొటో పలకల మీద నక్షత్రాలను కొలిచే ఉద్యోగం ఆవిడది. అక్కడే కటకాలు బిగించే మెకానిక్కును పెళ్లి చేసుకుంది. పెళ్లయిన కొత్తలో ఒక పలక మీద చుక్కల మధ్య సన్నటి గీత కనిపిస్తే ఆయనను పిలిచి చూపించింది.

"నలుసేదో పడింది. తుడువు, పోతుంది," అన్నాడాయన.

తుడిచింది. పోలేదు. కుజుడికీ గురుడికీ నడుమ తిరిగే రాళ్లలో అదొక కొత్త గ్రహశకలమని పెద్దలు తేల్చారు. దాని దారి లెక్కకట్టేలోపే అది జాడ లేకుండా పోయింది. ఆ ఏడాదే ఆవిడకు కడుపు పోయింది. తర్వాత పిల్లలు పుట్టలేదు. ఆ మాట ఇంట్లో ఇద్దరూ ఎత్తేవారు కాదు. పోయినేడు ఆయనా కాలం చేశాడు.

రిటైరై ఇంట్లో ఉన్న ఆవిడకు ఒక పొద్దున వేధశాల నుంచి ఫోనొచ్చింది.

"మీ రాయి మళ్లీ దొరికిందండి. పేరు సూచించే హక్కు మీదే."

ఆయనకు చెబుదామని వంటింటి గుమ్మం దాకా వెళ్లి ఆగిపోయింది. కాసేపటికి అక్కకు ఫోన్ చేసింది.

"మీ ఆయన పేరు పెట్టవే," అంది అక్క.

"ఆయన దాన్ని నమ్మనే లేదక్కా."

"పోనీ నీ పేరు పెట్టుకో."

"నా పేరుతో మందుల షాపువాడికి తప్ప ఎవరికేం పని?"

చివరికి 'నలుసు' అని రాసి పంపింది. కొన్ని నెలలకు ఒప్పుకున్నారు. వేధశాలలో చిన్న సభ పెట్టి, కొత్తగా వచ్చిన డైరెక్టరు అర్థమడిగాడు.

"కంట్లో పడే దుమ్మండి," అంది. అందరూ నవ్వారు. ఆవిడా నవ్వింది. కడుపున పడేదాన్నీ నలుసే అంటారని చెప్పలేదు.

పూలగుత్తి ఒళ్లో పెట్టుకుని బస్సులో ఇంటికొచ్చింది. సాయంత్రం అక్క అడిగితే పేరు చెప్పింది.

"ఇప్పుడెక్కడుందే అది?" అంది అక్క.

"సూర్యుడికి అవతల. కొన్నాళ్లు కనపడదు."

"నేను రేపొస్తానే."

"ఆ మోకాళ్లతో నువ్వెక్కడొస్తావు? నేనే వస్తాలే."

వెళ్లదని ఇద్దరికీ తెలుసు. ఫోన్ పెట్టేసి, పూలను స్టీలు గ్లాసులో నీళ్లుపోసి ఉంచి, బల్లకు అవతలి పక్కన పెట్టింది. ఇవతల కూర్చుని, చల్లారిన భోజనం మెల్లగా ముగించింది.