తట్టలో ఇల్లు

"ఆ మూల పేడ ఎత్తెయ్యవే, అన్నంలోకి కంపు కొడుతోంది," అంది అత్త, నఫాం నంజుకుంటూ. పులిసిన ఎండుచేపల ముద్ద ఆవిడకు కంపు కాదు మరి. ఆ నల్లటి ముద్ద పేరే కోడలు అన్సులా ఖడ్గమృగం పిల్లకు పెట్టింది, వరదలో తల్లిని పోగొట్టుకున్న దాన్ని అటవీశాఖవాళ్ళు తెచ్చి తమ పెరట్లో దించిన రోజున.

అన్సులా భర్త సాన్సుమా అడవి కాపలాదారు. పిల్లను పెంచే ఉద్యోగం అతనిది. పాలు కాచడం, సీసాలు కడగడం, అది బెంగతో కీచుమంటే పక్కన చాప పరుచుకుని పడుకోవడం అన్సులావి. వేటగాళ్ళ తుపాకులకు ఒకప్పుడు ఖాళీ అయిన మానస్ అడవిలోకి నఫాంను వదిలిన రోజు సాన్సుమా మెడలో అరొనాయ్ కండువా వేశారు. "కన్నకూతురిలా సాకాను సార్," అన్నాడు. ఆ కండువా నేసిన మనిషి వెనక టీ గ్లాసులు కడుగుతోంది. మీ ఆవిడకు భయం వెయ్యలేదా అని ఎవరో అడిగితే, "దానికేం తెలుసు సార్, ఇంట్లో ఉండేది," అని నవ్వాడు.

నఫాం మాత్రం అడవిలో ఉండలేదు. రోజూ పొద్దు వాలగానే వాగు దాటి వచ్చి, పశువులపాక మూలన అదే కుప్ప మీద పేడ వేసి, వంటింటి కంచె దగ్గర కీచుమనేది. ఇంకొక్కసారి ఊళ్ళో కనబడితే జూకు పంపిస్తామని రేంజరు చెప్పేశాడు. జూ అంటే చచ్చేదాకా సిమెంటు గచ్చు.

"నువ్వు చేసిన గారాబమే. నువ్వే తోలు," అన్నాడు సాన్సుమా.

ఆ కీచు అన్సులాకు నఫాం గొంతులా ఉండేది కాదు. పెళ్ళైన ఏడాది, వాచిన చెంపతో పుట్టింటి తలుపు కొట్టినప్పటి తన గొంతే. తలుపు వెనక అమ్మ ఏడుస్తోందని ఆమెకు తెలుసు. అయినా అమ్మ గడియ తియ్యలేదు. "నీ మగ్గం అక్కడ పాతారుగా తల్లీ, మగ్గం ఎక్కడుంటే అదే నీ ఇల్లు. పో," అంది అమ్మ. పోయింది. అమ్మ చచ్చిపోయి ఇన్నేళ్ళైనా వంటింట్లో ఒంటరిగా ఉంటే ఆ "పో" వినబడుతూనే ఉంటుంది. వాగు ఒడ్డున నేతపాక పెట్టుకున్న ఆడవాళ్ళు, నీ మగ్గం ఇక్కడ దించుకో అక్కా, ఇక్కడే ఉండు, నీ నేత డబ్బు నీదే అన్నప్పుడు కూడా ఆ మాటే అడ్డొచ్చింది. సాన్సుమా అయితే, "మగ్గం గుంజ కదిలిందంటే కాళ్ళు విరగ్గొడతా," అన్నాడు.

పేడ ఎత్తుతూ ఎత్తుతూ అన్సులా ఆగిపోయింది. ఖడ్గమృగం ఎక్కడపడితే అక్కడ వెయ్యదు. తన కుప్ప ఎక్కడుంటే అదే దానికి ఇల్లు. పిచ్చిమొద్దు, ఇల్లు ఇక్కడుంటే అడవిలో ఎలా ఉంటుంది?

పేడను గుంటలో పొయ్యలేదు. తట్టకెత్తుకుని వాగు దాటి, ఏనుగుగడ్డి మధ్య నేల చదును చేసి అక్కడ కుమ్మరించింది. మధ్యాహ్నమంతా మోసింది. "పిచ్చి పట్టింది నీ పెళ్ళానికి," అంది అత్త కొడుకుతో.

సాయంత్రం నఫాం వాగు దాటబోతుంటే ఊరివైపు గట్టున అన్సులా రేకుడబ్బా పట్టుకుని నిలబడి ఉంది. డబ్బా మోగించింది. నఫాం చెవులు తిప్పింది గాని నమ్మలేదు. అన్సులా మట్టిగడ్డ తీసి కొట్టింది. అది నఫాం ముట్టె మీద పగిలింది. అప్పుడు కీచుమంది నఫాం.

"పో," అంది అన్సులా. ఆ గొంతు అచ్చం అమ్మది. ఏడుస్తూ, గడ్డలు విసురుతూ, "పో తల్లీ, పో," అంటూనే ఉంది, అది వెనక్కి తిరిగి గడ్డిలో కలిసిపోయేదాకా.

తెల్లారి సాన్సుమా గస్తీ నుంచి పరుగున వచ్చాడు. "రాత్రి అక్కడే వేసిందే! ఆ కుప్ప మీదే, కొత్త పేడ. రేంజరు చూసి భుజం తట్టాడు. ఇంకో కండువా ఖాయం. మంచి రంగు చూసి నేసి పెట్టు."

అన్సులా వాకిట్లో మగ్గం దగ్గర కూర్చుని గునపంతో మొదటి గుంజ మొదలు తవ్వుతోంది. గుంజ ఊడి వచ్చింది. రెండోదీ వచ్చింది.

"ఏం చేస్తున్నావే? ఎక్కడికి?"

ఆమె గుంజలు కట్టగట్టి భుజాన పెట్టుకుంది. పేడ మోసిన తట్టలోనే కండెలు సర్దుకుని వాగు ఒడ్డున నేతపాకకు నడిచింది. మగ్గం ఎక్కడుంటే అదే ఇల్లని అమ్మ చెప్పింది. దాన్ని ఎవరు పాతాలో మాత్రం చెప్పలేదు.