లెక్కకు రాని గంట

దేశానికి తూర్పున ఉన్న అల్మాటీ నుంచి పడమటి కొసన ఉన్న తమ ఊరు అక్తావుకి విమానంలో రెండుంపావు గంటలని బల్జీరా పదిహేనేళ్లుగా నమ్ముతోంది. తను విమానం ఎక్కిందీ లేదు, ఎక్కే ఉద్దేశమూ లేదు. భర్త జల్గాస్ పనిమీద అల్మాటీ వెళ్లినప్పుడల్లా అక్కడ తొమ్మిదింటి విమానానికే తిరిగి బయల్దేరేవాడు. ఇక్కడ వంటింటి గడియారంలో పదకొండుంపావు అయ్యేసరికి దిగానని ఫోన్ చేసేవాడు. ఎక్కేముందు ఫోన్ చేస్తే ప్రయాణం చెడుతుందని ఆవిడ చేయనిచ్చేది కాదు. ఫోన్ మోగేదాకా ప్రాణాలు అరచేతిలో పెట్టుకుని కూర్చుని, మోగగానే ఉడుకుతున్న మాంసంలో పిండి రేకులు వేసేది.

ఈసారి జల్గాస్ వెళ్లింది పనిమీద కాదు. గుండెకు ఆపరేషన్ చేయించుకుని, అదే తొమ్మిదింటి విమానంలో వస్తున్నాడు. పదకొండున్నర దాటినా ఫోన్ మోగలేదు. విమానాశ్రయానికి వెళ్లిన మరిదికి చేస్తే ఎత్తలేదు. వాడు ఎప్పుడు ఎత్తాడు గనక!

"అక్కా, పైన గాలి పలచగా ఉంటుందటగా? కుట్టిన గుండె తట్టుకుంటుందా?" అంది బల్జీరా.

"నోర్ముయ్యవే! డాక్టరు పొమ్మన్నాకే ఎక్కాడుగా," అంది తోడికోడలు షైజా. పెద్దావిడ, పుల్లవిరుపు మాట. "ఆ రేకులు పిసికి పిసికి చంపుతున్నావు. అవతల పెట్టు."

పన్నెండైంది. బల్జీరా గొర్రెను కోసి ఊరందరికీ పెడతానని మొక్కుకుంది. అదీ చాలదనిపించి, ఇంకెప్పుడూ ఆయన్ని గురక పెడుతున్నారని తిట్టనని మొక్కుకుంది.

షైజా ఓదార్చడం చేతకాక కూతురి గోల ఎత్తుకుంది. "అల్మాటీలో మా పిల్ల ఒకటే ఏడుపు. ఈమధ్యే దేశమంతటికీ ఒకే టైమన్నారట, వాళ్ల గడియారాలు గంట వెనక్కి తిప్పించారట, సాయంత్రం పెందలాడే చీకటి పడి..." ఉన్నట్టుండి ఆగి నెత్తి కొట్టుకుంది. "ఓసి పిచ్చిమొహమా! మన గడియారం ఎవరూ ముట్టుకోలేదు. అదివరకు వాళ్లకి తొమ్మిదంటే మనకి ఎనిమిదే. ఇప్పుడు ఇద్దరికీ తొమ్మిదే, పన్నెండుంపావుకి గానీ దిగడు. ఆ విమానం ఎప్పుడూ మూడుంపావు గంటలే ఎగిరేది. నీకే తెలీలేదు!"

"నన్ను ఊరుకోబెట్టడానికి చెబుతున్నావు," అని బల్జీరా ఏడ్చింది.

అంతలో ఫోన్ మోగింది. "దిగాను. రేకులు వేసెయ్," అన్నాడు జల్గాస్. బల్జీరాకి నవ్వూ ఏడుపూ కలిసి వస్తుంటే షైజాని పట్టుకుని ఊపేసింది. రేకులు షైజాయే వేసింది.

ఇంటికొచ్చిన మనిషిని కూర్చోబెట్టి, ఒళ్లంతా తడిమి చూసి, అప్పుడు నిలదీసింది. "మూడుంపావు గంటలని ఇన్నేళ్లూ మీకు తెలుసా?"

"గాల్లో కూర్చున్నవాణ్ణి, నాకు తెలీదా?"

"మరి నాకెందుకు చెప్పలేదు?"

జల్గాస్ పులుసు ఊదుకుంటూ మెల్లగా అన్నాడు: "రెండుంపావు గంటలకే సగమైపోయేదానివి. ఆ మిగతా గంట కూడా ఎందుకులే అనుకున్నాను."

బల్జీరా మెత్తటి ముక్క ఏరి అతని పళ్లెంలో వేసింది.