నాలుగింటి లోపల

సిద్దిరాములు మూత్రపిండంలో రాయి తీసి రెండు రోజులైంది. ఆ రాయి చిన్న సీసాలో మంచం పక్కన కొలువుదీరింది. చూడవచ్చిన వాళ్లందరూ ముందు రాయిని పలకరించి, తరువాత మనిషిని పలకరించారు.

పొద్దున మూత్రం గొట్టం తీసేశారు. మధ్యాహ్నమైనా చుక్క రాలేదు. నాలుగింటికల్లా రాకపోతే మళ్లీ గొట్టం వేస్తామని, అదీ కుదరకపోతే హైదరాబాద్ పంపిస్తామని నర్సు మంజుల చెప్పింది. ఆ మాటకు ఆయన భార్య యాదవ్వకు తన అన్న గుర్తుకొచ్చాడు. అతణ్నీ ఇట్లాగే ఈ కరీంనగర్ ఆసుపత్రి నుంచే హైదరాబాద్‌కు అంబులెన్సులో పంపారు. చేరాక ఫోన్ చేస్తానని చెయ్యూపి పోయినవాడు తిరిగి రాలేదు. అందుకే ఇప్పుడు మొగుణ్ని బాత్రూంకు కూడా ఒంటరిగా వదలడం లేదు. తలుపుకు ఆనుకొని నిమిషానికోసారి వచ్చిందా అని అడుగుతోంది.

ఆమె ఒక్కతే అయితే బాగుండేది. చొప్పదండిలో ఆయనతో పాటు సాంచాల మీద బట్ట నేసేవాళ్లు ఆరుగురు దిగారు. ఇచ్చోడ నుంచి వియ్యపురాలు గంగుబాయి క్యాను నిండా ఉలవకట్టు తెచ్చింది, రాయి కరగడానికి. రాయి సీసాలో ఉంది కదా అని ఎవరూ అనలేదు. వియ్యపురాలి ముందు అంత ధైర్యం ఎవరికుంటుంది? మూడు గ్లాసులు తాగించారు. లోపలికి పోయే దారిలో ఏ అడ్డమూ లేదు మరి.

ఆయన బాత్రూంలోకి పోగానే పరామర్శ మొత్తం తలుపు దగ్గరికి మారింది. ఒకరు నల్లా విప్పుకొమ్మన్నారు. ఒకరు చంటిపిల్లలకు చేసినట్లు 'స్స్' అన్నారు. హనుమండ్లు తన మేనమామకూ ఇట్లాగే అయిందని మొదలుపెట్టి, ఆ తరువాతి సంగతి మంచి మనసుతో మింగేశాడు.

మూడున్నరకు తలుపు కొద్దిగా తెరుచుకుంది. చెమటలు కారుతున్న ముఖంతో సిద్దిరాములు అందరినీ పంపించమన్నాడు.

"వదినె, జర కిందికి పోయి చాయ్ తాగుండ్రి," అంది యాదవ్వ.

గంగుబాయి మూతి తిప్పింది. "గంత దూరపోళ్లమైతిమా?"

"కాదు వదినె, తలుపుకు మస్తు దగ్గరైతిరి. గదే తక్లీఫ్."

అందరూ అలిగి దిగిపోయారు. యాదవ్వ మళ్లీ తలుపుకు చెవి ఆనించింది.

"నువ్వు గూడ పో," అన్నాడు లోపలి నుంచి.

"నేను పోంగనె నీకేమన్నయితే?"

"నువ్వుంటెనె అయితుంది. నీ ఊపిరి గూడ ఇనవడుతుంది నాకు. పో."

రెండంతస్తులు దిగడానికి ఆమెకు చాలాసేపు పట్టింది. మెట్టుకోసారి ఆగింది. ఆవరణలో అంబులెన్సు ఉంది. డ్రైవరు పల్లికాయలు ఒలుచుకుంటున్నాడు. హైదరాబాద్ పోతున్నావా అని అడిగింది. ఎక్కడికీ పోవడం లేదన్నాడు. అయినా నమ్మకం లేక, బండి ముందుకు పోయి అడ్డంగా నిలబడింది. డ్రైవరు ఇంకో కాయ ఒలిచాడు.

నాలుగుకు అయిదు నిమిషాలుండగా రెండో అంతస్తు కిటికీ తెరుచుకుంది. ముప్పై ఏళ్లు సాంచాల మోతలో అరిచి అరిచి మాట్లాడిన గొంతు అది.

"యాదవ్వా, వచ్చింది!"

అప్పటిదాకా ఎవరైనా వింటారేమోనని బిగబట్టిన మనిషి, కరీంనగర్ సగానికి చాటింపు వేశాడు. చాయ్ గ్లాసులు పట్టుకున్నవాళ్లు, చీటీ రాయించుకునేవాళ్లు, అందరూ తలెత్తి చూశారు.

మెల్లగా అనమని చెబుదామనుకుంది యాదవ్వ. అంతలోనే మానుకుని, బండి ముందు నుంచి తప్పుకుంది. పక్కనే నేల మీద కూర్చుంది.