పాట నాది, సాక్ష్యం ఆయనది

ఆదివారం పొద్దున మా ఆయన తెల్ల చొక్కా ఇస్త్రీ చేస్తూ, నా పాట ఆయనకెలా పుట్టిందో ఆయన నోటితోనే విన్నాను. బనియనుతో అద్దం ముందు నిలబడి, చర్చిలో చెప్పబోయే సాక్ష్యాన్ని ప్రాక్టీసు చేసుకుంటున్నాడు. "తెల్లారుజామున మోకాళ్ల మీదున్నాను. ప్రభువు నాకొక రాగం వినిపించాడు. కన్నీళ్లతో రాసుకున్నాను..." అని ఆగి, "కన్నీళ్లంటే మరీ ఎక్కువైద్దంటావా షెర్లీ?" అని నన్నే అడిగాడు. కాలరు మీద నీళ్లు చిలకరిస్తూ "మీ ఇష్టం" అన్నాను. వేడి ఇస్త్రీపెట్టె చేతిలో ఉన్న భార్యని అడగాల్సిన ప్రశ్నేనా అది?

ఆ పాట తెల్లవారుజామున పుట్టలేదు. ఒక సాయంత్రం, దోసెల పిండికి గ్రైండరు తిరుగుతుండగా పుట్టింది. ఆ రోజు స్కూల్లో మా హెడ్మాస్టరు నన్ను తన గదిలోకి పిలిచి, "మేడం, ఆ గిటారు వీడియోలు తీసెయ్యండి, పేరెంట్స్ చూస్తున్నారు" అన్నాడు. నేను తలుపు దాకా వచ్చాక, "యాన్యువల్ డేకి స్వాగత గీతం మాత్రం మీరే కట్టాలి" అని గుర్తు చేశాడు. కట్టినందుకు ఒక్క పీరియడ్ కూడా తగ్గించడు. ఒళ్లు మండి ఇంటికొచ్చి మా ఆయన బెంజిమిన్‌కి చెప్పుకుంటున్నాను. ఆయన కోర్టులో గుమాస్తా. డ్యూటీ దిగి వచ్చి సోఫాలో కూర్చున్నాడు, ఫోన్లోంచి తల ఎత్తలేదు. నా మాట మాటకీ "ఊఁ" అంటున్నాడు. అసలు వింటున్నాడో లేదో చూద్దామని, "నేను ఉద్యోగం మానేసి సన్యాసుల్లో కలిసిపోతున్నానండీ" అన్నాను. "ఊఁ, మంచిది. కాసిని మంచినీళ్లియ్యి" అన్నాడు. ఇచ్చాను. ఇచ్చి వంటింట్లోకి వచ్చి గ్రైండరు ముందు నిలబడితే, రాళ్లు తిరిగే లయలోనే మాటలు వచ్చిపడ్డాయి.

అడగ్గానే నీళ్లిచ్చాను, అరిచినా నువు వినవేం?
గొంతు అరిగిపోతోంది, ఒక్కసారి తలెత్తవేం?

పిండి తీసి గిన్నెలో పెట్టేలోపు చరణాలు కూడా అయిపోయాయి. అంత తొందరగా ఏ పాటా రాలేదు నాకు. అంతకాలంగా లోపల నలుగుతున్నదేమో మరి.

మా బ్యాండు పేరు ఉక్కపోత. డ్రమ్స్ వాయించే జావీద్ నాతో పాటు నరసరావుపేట కాలేజీలో చదివినవాడు. బేస్ గిటారు లహరి, గుంటూరు నుంచి బస్సులో వస్తుంది. పాటలు రాసి, బాణీ కట్టి, పాడేది నేను. జావీద్ వాళ్ల నాన్నగారి పత్తి గోదాములో మా ప్రాక్టీసు. చుట్టూ బేళ్లు పేర్చి ఉంటాయి కాబట్టి ఎంత గట్టిగా వాయించినా చప్పుడు రోడ్డు మీదికి పోదు. ముక్కుల్లోకి నూగు పోతుంది, చెమటతో ఒళ్లంతా తడిసిపోతుంది, అయినా అక్కడ నేను గొంతు విప్పి అరవగలను. ఈ ఊళ్లో నన్ను అరవనిచ్చే చోటు అదొక్కటే. గుంటూరులో ఒక కాఫీ షాపులో పాడాం, విజయవాడలో కాలేజీ పిల్లల ముందు పాడాం, హైదరాబాదులో ఒక పబ్బులో పాడితే ముందు వరసలో ఒకడు సినిమా పాట పాడమని గోల చేశాడు. వాడికన్నా మా చుట్టాలేం తక్కువ తినలేదు. "టీవీలో పోటీకి పోవచ్చుగా" అంటారు. "ఎవరికీ తెలియని పాటలు పాడితే ఎవరు వింటారమ్మా" అంటారు.

ప్రాక్టీసుకు బయల్దేరాలంటే ముందు రెండు పూటల వంట చేసి మూతలు పెట్టాలి. మా అత్తయ్య కృపామణి ఆ మూతలన్నీ తీసి చూస్తుంది. "కూర ఒకటేనా? పాటలకి పోయే మనిషికి పొయ్యేం కనపడుద్దిలే" అంటుంది. "ఏమే, అంత మంచి గొంతు పెట్టుకొని అట్టా కేకలేస్తావేందే?" అని కూడా అంటుంది. వాళ్ల అబ్బాయి శనివారాలు కీబోర్డు పట్టుకుని చర్చికి పోతే అది సేవ. నేను గిటారు పట్టుకుని గోదాముకు పోతే తిరుగుడు. ఆయన సేవకు వెళ్లేటప్పుడు ఏ మూతలూ పెట్టి వెళ్లక్కర్లేదు, తిరిగొచ్చేసరికి కంచంలో అన్నం ఉంటుంది.

మా చర్చిలో ప్రతి క్రిస్మస్‌కీ ఒక కొత్త పాట విడుదల చేయడం ఆనవాయితీ. రాసినవారి పేరూ ఫొటో ఫ్లెక్సీ మీద పడతాయి. కీబోర్డు బెంజిమిన్‌ది కాబట్టి పాట బాధ్యత కూడా ఆయనదే. పోయిన డిసెంబరులో మా క్వయరుకు కాగితాలు పంచి బాణీ వినిపించాడు. అది నా బాణీ. నా ఫోనులో నేను పాడి దాచుకున్న రికార్డింగులోంచి తీసుకున్నాడు. నేను 'అరిచినా నువు వినవేం' అన్నచోట 'మొరపెట్టితి వినవా దేవా' అని పెట్టాడు, తలెత్తమన్న చోట 'నీ ముఖకాంతి చూపవా' అన్నాడు. రచన, సంగీతం: బ్రదర్ బెంజిమిన్. ఇంటికొచ్చి అడిగితే, "దేవుడి పనికేగా వాడింది. నీ పేరైతే ఏంది, నా పేరైతే ఏంది, ఒకటే ఇల్లుగా" అన్నాడు. ఒకటే ఇల్లయితే నా పేరే వెయ్యొచ్చుగా అన్నాను. "ఆడోళ్ల పేర్లు ఫ్లెక్సీల మీద ఏం బాగుంటయ్యే" అని అత్తయ్య అందుకుంది. నాకు అన్నిటికన్నా మండింది ఏమిటంటే, మాటలు మార్చడానికి ఆ పాటను అన్నిసార్లు తిప్పి తిప్పి విన్న మనిషికి, అది తన గురించేనని ఒక్కసారి కూడా తట్టలేదు.

పాట మాత్రం పాకిపోయింది. ఇటు గురజాల నుంచి అటు మాచర్ల దాకా చర్చిల్లో పాడుకుంటున్నారు. మంచి పాటే మరి, పాడుకోక ఏం చేస్తారు. చిక్కు ఇప్పుడొచ్చింది. విశాఖపట్నంలో సొంత పాటలు కట్టుకునే బ్యాండ్ల కోసం పెద్ద కచేరీ పెడుతున్నారు. మా రికార్డింగు విని పిలిచారు, అందులోనూ ఆ పాటే ముందు పాడమన్నారు. అక్కడ ఆల్బములు తీసేవాళ్లు కూర్చుని వింటారు. నాకు ముప్పై నాలుగేళ్లు. ఇలాంటి పిలుపు రావడం ఇదే మొదటిసారి, మళ్లీ వస్తుందన్న నమ్మకం నాకు లేదు. అంతా ఖాయమయ్యాక ఎవరో వాళ్లకు మా చర్చి వీడియో పంపారు. వెంటనే ఫోను. "మేడం, ఇది బెంజిమిన్ అనే ఆయన పాటంట కదా. వేరేవాళ్ల పాటలు మేం తీసుకోం. మీదేనని తేలేలా ఏదైనా వీడియో పంపండి, ఆయనే చెబితే మరీ మంచిది. సోమవారం దాకా చూస్తాం." నా పాట నాదని నా మొగుడి చేత చెప్పించుకోవాలి! ఆ మాట జావీద్‌కి చెబితే వాడికి నవ్వాలో తిట్టాలో తెలియలేదు.

అయినా సిగ్గు చంపుకుని శుక్రవారం బెంజిమిన్‌ని అడిగాను. అన్నం తింటున్నాడు. "ఇప్పుడెట్టా చెప్తానే? పాస్టరయ్య గారు ఆదివారం నా చేత ఈ పాట మీద సాక్ష్యం చెప్పిస్తన్నారు. లైవ్ కూడా పెడతన్నారు. ఇప్పుడు కాదంటే నా పరువేం గాను?" అన్నాడు.

"మరి నా పాటేం గాను?"

"ఇంకోటి రాసుకో. నీకు తేలికేగా."

తేలిక! వంటింట్లో నిలబడి నడుం పట్టేసినా, స్కూల్లో నోరు పోయినా, ఆ పైన మిగిలిన చారెడు ఊపిరితో రాసుకున్నది ఆయనకు తేలిక. పెరుగు వడ్డించి లేచి వచ్చేశాను. వచ్చాక తోచింది, ఈ మనిషిని నేను ఎందుకు బతిమాలుతున్నాను అని.

చర్చికి బయల్దేరేటప్పుడు చొక్కా చూసుకుని "ఇస్త్రీ బాగా కుదిరింది" అన్నాడు. ఆ మెప్పైనా దక్కింది.

మా చర్చిలో సాక్ష్యానికి ఒక పద్ధతి ఉంది. చెయ్యెత్తిన వాళ్లెవరికైనా మైకిస్తారు. మాట్లాడుతుంటే మధ్యలో పాస్టరయ్య గారు కూడా అడ్డు రారు. 'ఇది నా సాక్ష్యం' అని ముగించగానే అందరూ ఆమెన్ అంటారు. బెంజిమిన్ చాలా బాగా చెప్పాడు. తెల్లవారుజాము, మోకాళ్లు, రాగం, అన్నీ వచ్చాయి. కన్నీళ్లు కూడా ఉంచుకున్నాడు. హాలంతా ఆమెన్ అంది. "ఇంకెవరైనా?" అన్నారు పాస్టరయ్య గారు. మామూలుగా అప్పుడు లేచేది షుగరు తగ్గినవాళ్లూ, పిల్లలు పాసైనవాళ్లూ. నేను చెయ్యెత్తాను. భర్త గురించి నాలుగు మంచి మాటలు చెబుతుంది కోడలు అనుకుందేమో, అత్తయ్య ముఖం వెలిగిపోయింది. లేచి వెళ్లి మైకు అందుకున్నాను.

"ప్రభువుకు స్తోత్రం. ఈ పాట రాసింది నేను. బాణీ కట్టింది నేను. దేవుడి గురించి రాయలేదు, మా ఆయన గురించి రాశాను, మా వంటింట్లో పిండి రుబ్బుకుంటూ. ఆయన నన్ను అడక్కుండా మాటలు మార్చి తన పేరు పెట్టుకున్నారు. మీరందరూ పాడుకోవడం నాకిష్టమే, పాడుకోండి. కానీ పాట నాది. వచ్చే నెల వైజాగ్‌లో దాన్ని నా మాటలతో పాడబోతున్నాను. ఇది నా సాక్ష్యం."

"ఆమెన్" అన్నారందరూ, అలవాటు కొద్దీ. అత్తయ్య అందరికన్నా గట్టిగా అంది. అనేశాక గానీ దేనికి అన్నారో వాళ్లకు ఎక్కలేదు. పాస్టరయ్య గారు గబగబా బైబిలు పేజీలు తిప్పడం మొదలుపెట్టారు. నేను కూర్చోగానే వెనక వరసలోంచి ఫిలోమినా పిన్ని ముందుకు వంగి, "ఆ పాట పాడినప్పుడల్లా నాకు మీ బాబాయే గుర్తొచ్చేవాడే. పాపమేమో అని ఎవరికీ చెప్పలా" అని గుసగుసలాడింది. నవ్వాపుకోలేక చీర కొంగు నోటికి అడ్డం పెట్టుకున్నాను. ఫోను వణికితే చూశాను. జావీద్. 'లైవ్ చూశా. ఆ ముక్క కత్తిరించి వైజాగ్ వాళ్లకు పంపేశా.'

ఆరాధన అయ్యాక బెంజిమిన్ బండి దగ్గర నిలబడి ఉన్నాడు. ముఖం ఎర్రబడి ఉంది. చుట్టుపక్కల ఎవరూ లేరని చూసుకుని, మొదటిసారి ఫోను జేబులో పెట్టి, నా కళ్లలోకి చూసి అడిగాడు.

"ఇంట్లో చెప్తే సరిపోయేదిగా షెర్లీ, ఇంతమందిలో చెప్పాలా?"

"ఇంట్లోనే చెప్పానండీ" అన్నాను. "మీరు వినకపోబట్టే అది పాటయింది."