బయట గడియ

కండక్టరమ్మ గొంతు విప్పితే కిక్కిరిసిన బస్సు కూడా ఈ చివరి నుంచి ఆ చివరి దాకా సర్దుకునేది. అలాంటి మనిషి ఆ రోజు పిల్లల మానసిక చికిత్సా కేంద్రంలో, మేడమీది గదిలో, పొడవాటి బల్ల చివర నోట్లో నాలుక లేనట్టు కూర్చుంది.

సర్కారు నడిపే ఆ కేంద్రాన్ని అప్పుడప్పుడూ వచ్చి చూసి, మంచీ చెడూ అడగడానికి ఒక ప్రజా పర్యవేక్షణ సంఘం ఉంది. అక్కడ ఉంటున్న పిల్లల తల్లుల్లోనో తండ్రుల్లోనో ఒకరు అందులో ఉండి తీరాలని నియమం. ఎవరూ ముందుకు రాకపోతే ఆవిడే సరేనంది. ఎందుకు రాలేదో అప్పట్లో ఆమెకు తోచలేదు.

తండ్రి పోయాక ఆమె కూతురు బుడ్డది తిండి మానేసింది, నిద్ర మానేసింది, ఒకనాడు తల గోడకేసి కొట్టుకుంది. పిల్లను ఒంటరిగా వదిలి డ్యూటీకి పోలేక, గుండె రాయి చేసుకుని అక్కడ చేర్చింది. మొదట్లో కోలుకుంటున్నట్టే అనిపించింది. కానీ మొన్న చూడటానికి వెళ్లినప్పుడు పిల్ల ఆమె చెవి దగ్గరికి వంగి, "నన్ను గదిలో పెట్టొద్దని చెప్పమ్మా" అంది. ఏ గది అని అడిగితే ఆయా వైపు చూసి నోరు మూసేసుకుంది.

ఆ మాట తన అన్నయ్యకు చెప్పుకుంది. "సంఘంలో నువ్వు కూర్చునేది ఒక్క పూట. పిల్ల అక్కడ ఉండేది రాత్రీ పగలూ. చూసుకో మరి" అన్నాడు. ఆయన గొంతులోనూ భయమే ఉంది.

ఆ కేంద్రం సూపరింటెండెంటు వెన్నలాంటి మనిషి. అందర్నీ "తల్లీ, తండ్రీ" అనే పిలుస్తాడు. ఆ రోజు బల్ల దగ్గర ఎవరూ అడగకముందే, ఇక్కడ పిల్లల్ని గదుల్లో బంధించే పద్ధతి లేదన్నాడు. సంఘానికి పెద్ద, రిటైరైన జడ్జిగారు తలూపారు. తర్వాత అందరూ కిందికి దిగి పడక గదులూ వంటిల్లూ చూశారు. ఆటల హాల్లో పిల్లలు బొమ్మలు గీస్తున్నారు. వాళ్లలో బుడ్డది లేదు. కండక్టరమ్మ ఒక్కొక్క మొహమే వెతికి చూసింది. అడిగితే, స్నానానికి వెళ్లుంటుందిలే అన్నాడు సూపరింటెండెంటు.

బట్టలుతికే గది పక్కన ఒక తలుపుంది. గడియ బయటి వైపుంది. అది సామాన్ల గది అని చెప్పి ఆయన ముందుకు నడిచాడు. అందరికన్నా వెనకున్న కండక్టరమ్మ ఆ తలుపు దాటుతుండగా లోపలి నుంచి ఎవరో తట్టారు. గట్టిగా కాదు, తట్టడం అలవాటైపోయినవాళ్లు తట్టినట్టు.

సూపరింటెండెంటు వెనక్కొచ్చి ఆమె పక్కన చేరాడు. "మీ పాప మా దగ్గరే కదా తల్లీ. బాగా చూసుకుంటున్నాం. అలాగే చూసుకోనివ్వండి" అన్నాడు, ఇంకెవరికీ వినబడనంత మెల్లగా.

ఆమె తలుపు మీంచి చూపు తిప్పుకుంది. అందరి వెనకే నడిచింది కూడా. మలుపు దాకా వెళ్లాక ఇక కాలు సాగలేదు. లోపల ఉన్నది తన పిల్లే అయితే?

"జడ్జిగారూ, ఆ తలుపు తీయించండి."

బస్సులో అరిచే గొంతు కాదది. తాళంచెవి వేరే మనిషి దగ్గర ఉందని సూపరింటెండెంటు అంటుండగానే ఆమె వెనక్కి వెళ్లి గడియ లాగేసింది. తాళమే లేదు.

లోపల ఉత్త గచ్చు మీద, బుడ్డదానికన్నా చిన్నపిల్ల, రెండు చేతులూ తలకు అడ్డం పెట్టుకుని కూర్చుని ఉంది. ఉచ్చ కంపు గుప్పుమంది. నా పిల్ల కాదు అనుకుంది కండక్టరమ్మ. ఆ ఊరటకు మరుక్షణమే సిగ్గుతో చచ్చిపోయింది. గుమ్మంలోనే చతికిలబడి, "లేమ్మా, తలుపు తీసే ఉంది" అంది. ఈ పిల్లను ఎప్పుడు పెట్టారని జడ్జిగారు సూపరింటెండెంటును అడిగారు.

అంతలో తడి జుట్టుతో పిల్లల వరుస వచ్చింది. తెరిచిన తలుపు దగ్గర తల్లిని చూసి బుడ్డదాని మొహం పాలిపోయింది. దగ్గరికొచ్చి, "నేను చెప్పానని మాత్రం చెప్పకమ్మా" అంది.

విచారణ జరిగింది. సూపరింటెండెంటును తప్పించారు. ఆ తలుపును బందులతో సహా ఊడదీశారు. కానీ ఆయాలు వాళ్లే. బుడ్డదాన్ని ఇంటికి తీసుకుపోతానంటే కేంద్రంలో చూసే డాక్టరమ్మ ఇప్పుడే వద్దంది. వేరే కేంద్రమంటూ లేదు. తల్లిదండ్రులు ఎప్పుడైనా చెప్పకుండా వచ్చి చూడొచ్చని జడ్జిగారి ద్వారా ఉత్తర్వు తెప్పించడం ఒక్కటే కండక్టరమ్మ సాధించింది. డ్యూటీలో ఫోను మోగితే మాత్రం, కేంద్రం నుంచేమోనని ఇప్పటికీ ఆమె చేతిలోంచి చిల్లర జారిపోతుంది.

ఒక సాయంత్రం వెళ్లేసరికి ఆ చిన్నపిల్ల బుడ్డదాని మంచం మీదే ముడుచుకుని నిద్రపోతోంది. ఆ పిల్ల మాట్లాడదనీ, దాని తరఫున కూడా తానే మాట్లాడుతున్నాననీ బుడ్డది చెప్పింది. కండక్టరమ్మ కూతురి తల నిమురుతూ, ఎవరైనా ఏమైనా అంటున్నారా అని అడిగింది.

బుడ్డది తలుపు వైపు చూసింది.

"ఇంతవరకైతే లేదమ్మా."

ఆ మాట బస్టాపు దాకా ఆమె వెంటే వచ్చింది. ఎక్కాల్సిన బస్సు వచ్చి ఆగింది. ఆమె ఎక్కలేదు. వెనక్కి తిరిగి, చెప్పకుండా ఇంకోసారి చూడటానికి మళ్లీ కేంద్రం వైపే నడిచింది.